పాత ఇంటికి రెండో గృహప్రవేశం

మా ఇంటికి గృహప్రవేశం రెండుసార్లు జరిగింది. మొదటిది మా అమ్మ చేసింది. చెరుకు సొమ్ము చేతికొచ్చినప్పుడల్లా ఒక్కో గది లేపి, చివరికి నా పేర రాసిచ్చిన ఇల్లది. రెండోది మా ఆయన ముచ్చట. గచ్చు తవ్వించి గ్రానైట్ పరిపించాం, రంగులు కొట్టించాం, అంతే. ఆ మాత్రానికే ఆయన తన పేరుతో కార్డులు అచ్చేయించి, పాలు పొంగించి, వీధి వీధంతటికీ భోజనాలు పెట్టారు. మా చోడవరంలో ఇల్లు కాస్త మెరిస్తే చాలు, పాలు పొంగాల్సిందే. పంచాయతీ వాళ్లూ వచ్చి పులిహోర మారు వడ్డించుకున్నారు. ఇల్లు కట్టేరటగా మేష్టారూ అని ఎవరైనా అంటే ఆయన కాదనలేదు, నవ్వి ఊరుకున్నారు.

తర్వాత ఇంటి పన్ను నోటీసొచ్చింది. పాతదానికి రెట్టింపు దాటింది. అదలా ఉంచండి, యజమాని గడిలో మా ఆయన పేరు! ఆ కార్డు చూసి పంచాయతీ వాళ్లు ఇది ఆయన కట్టిన కొత్త ఇల్లనుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. పన్నుకన్నా ఆ పేరుకే ఎక్కువ మండింది. ఒక పూట భోజనాలతో మా అమ్మ ఇల్లు చేతులు మారిపోతుందా?

ఎవరి పేరైతే ఏం, కట్టేద్దాం, ఆఫీసులో గొడవపడితే నా పరువేం కాను అన్నారాయన. పరువు మీది, ఇల్లు నాది అన్నాను. ఆ పూట కూరలో ఉప్పెక్కువైతే అది నా తప్పు కాదు.

పంచాయతీ ఆఫీసుకెళ్లి పన్నెలా లెక్కేస్తారని అడిగాను. స్థలం విలువ, గోడల బయటి కొలత, పైన శ్లాబా రేకులా, ఇంటి వయసెంత, ఇవీ చూసేవని గుమస్తా చెప్పింది. ఇల్లు పాతబడేకొద్దీ కట్టడం విలువ తగ్గుతుందట. ఇంటికొచ్చి మా ఆయన చేత టేపు పట్టించాను. ఆయన గదుల్లోకి వెళ్లబోతే, లోపల కాదు మహానుభావా అని ఎండలో ఇంటి చుట్టూ తిప్పాను. వెనక రేకుల షెడ్డునీ శ్లాబులో కలిపేశారని, వయసు తగ్గింపు ఎత్తేశారని నోటీసులో అంకెలతో పోల్చితే తేలింది. వాళ్ల రేట్లతోనే లెక్క కట్టి, పన్ను తగ్గించి పేరు మార్చమని అర్జీ పెట్టాను.

కార్యదర్శిగారు వచ్చి గ్రానైట్ చూశారు. ఇది పాతిల్లంటే ఎవరు నమ్ముతారమ్మా అన్నారు.

"పైన పటారం, లోన లొటారం బాబూ. ఎనక్కొచ్చి సూడండి," అన్నాను.

వెనక పెచ్చులూడిన శ్లాబు అంచులు, నాచు పట్టిన గోడ, రేకుల షెడ్డు అన్నీ చూశారు. వయసూ షెడ్డూ ఒప్పుకున్నారు. నా రిజిస్ట్రేషన్ కాగితం కూడా చూశారు. పేరు దగ్గర మాత్రం ఆగి, మా ఆయన వైపు తిరిగారు.

"మీరు కట్టేరనే ఊరంతా అనుకుంటన్నాది. ఏటంటారు మేష్టారూ?"

గేటు దగ్గర ఎదురింటివాళ్లు చెవులు రిక్కించుకుని నిలబడ్డారు. ఆయన మళ్లీ నవ్వి ఊరుకుంటారేమోనని నా భయం.

మా ఆయన గొంతు సవరించుకున్నారు. "మా అత్తగారు కట్టించేరండి. ఇల్లు మా ఆవిడిది. నేను రంగులేయించేనంతే."

గేటు దాకా వినబడేలాగే అన్నారు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

కొత్త నోటీసుకీ నా లెక్కకీ తేడా ఒక టీ ఖర్చంత. యజమాని గడిలో నా పేరుంది. నేనే స్వయంగా వెళ్లి కట్టాను. పన్ను కట్టి ఇంత సంబరపడే మనిషిని ఆ గుమస్తా అంతకుముందెప్పుడూ చూసి ఉండదు.