అత్తగారి ఆంథూరియానికి కలిపిన మట్టి

అంగళ్లు ఊళ్లోని కాలేజీలో చదువుతున్న మా మనవరాలు మొన్న ఆదివారం మదనపల్లెకు వచ్చి, హాస్టల్ గదిలో మొక్క వాడిపోతోందంటూ ఆన్‌లైన్లో తెప్పించుకున్న మట్టి ప్యాకెట్టు నా ముందు విప్పింది. పిడికెడు తీసుకుని తడిపి, గట్టిగా నొక్కి వదిలాను. ముద్ద విడిపోలేదు. పనికిరాదని తేల్చేశాను. ఈ ముసలిదానికి ఇంత ధీమా ఎక్కడిదా అన్నట్టు చూసింది. మట్టి విషయంలో నాకు ఆ ధీమా ఉంది, దాచుకోను. అయితే అది ఒక మొక్కను చంపబోయి నేర్చుకున్నది.

నేను పుంగనూరుకు కాపురానికి వెళ్లేనాటికి మా అత్తగారు పోయి ఏడాది దాటింది. ఆమె ఎప్పుడో బెంగుళూరు నుంచి తెచ్చుకున్న ఆంథూరియం మొక్క వరండాలో కుండీలో మిగిలి ఉంది. మైనం పూసినట్టు మెరిసే ఎర్రటి పువ్వులు పూసేదట. నేను చూసేసరికి పాలిపోయిన మూడాకులే. మామగారు రోజూ పొద్దున్నే దానికి చెంబెడు నీళ్లు పోసి, పక్కనే కుర్చీ వేసుకుని కాఫీ తాగేవారు. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.

కురబలకోట పక్క పల్లెలో గొర్రెలున్న ఇంట్లో పుట్టినదాన్ని కదా, గొర్రె ఎరువుకు తేరుకోని మొక్క ఉంటుందని నాకు తెలియదు. ఎవరినీ అడగకుండా పుట్టింటి నుంచి పచ్చి ఎరువు తెచ్చి, ఎర్రమట్టిలో సగానికి సగం కలిపి, మొక్కను పెరికి మళ్లీ నాటాను. పెరికినప్పుడే చూశాను, వేళ్లు చాలావరకు నల్లబడి కుళ్లిపోయాయి. రోజూ పోసిన నీళ్ల వల్లే అని తెలుస్తూనే ఉంది, కాని ఆ మాట మామగారికి చెప్పడానికి నోరు రాలేదు. పది రోజులు తిరగకముందే రెండాకులు అంచులు మాడి రాలిపోయాయి. మామగారు తన కుర్చీ లోపలికి తీసుకుపోయారు. తిట్టి ఉంటే అంత కుమిలిపోయేదాన్ని కాదు.

కుప్పంలో మా మేనమామ భార్య ఇంటి నిండా నీడ మొక్కలు పెంచేది. బస్సెక్కి వెళ్లి ఆమెకు ఉన్నదున్నట్టు చెప్పాను.

"అది అడివిలో చెట్ల కొమ్మల్ని కరుసుకొని బతికే జాతమ్మా. దాని ఏళ్లకి తిండి కంటే గాలి కావాల" అంది ఆమె.

మూడు రోజులు నన్ను కదలనివ్వలేదు. కొబ్బరి పీచును కత్తిరించి నానబెట్టి, ఎర్రనీళ్లు పోయేదాకా మార్చి మార్చి కడిగించింది. వానకు తడిసి నల్లబడిన చెనక్కాయ పొట్టు, చింతగింజలంత బొగ్గు ముక్కలు, రాళ్లు కోసే చోటి నుంచి తెప్పించిన సన్నటి గ్రానైట్ చిప్స్, గుప్పెడు ఆకుల ఎరువు కలిపించింది. గొర్రె ఎరువు వెయ్యాలంటే ఏడాది మాగి పొడి అయినదే, అదీ పిడికెడే. పిడికిట్లో నొక్కి వదిలితే పొలపొలా రాలాలి, అదొక్కటే లెక్క.

తిరుగు బస్సులో కండక్టరు మూటలో ఏముందని అడిగాడు. మట్టి అన్నాను. "పుంగనూర్లో మట్టి ల్యాదా యేమమ్మా?" అంటూ బస్సంతా వినేలా నవ్వాడు.

కుళ్లిన వేళ్లు కోసేసి, కోసిన చోట పసుపు అద్ది నాటాను. మర్నాడు మామగారు అలవాటుగా చెంబు పట్టుకుని వచ్చారు. కొత్త కోడలినైనా అడ్డం నిలబడ్డాను.

"వద్దు మామా, నేను చెప్పిన దినమే పొయ్యండి."

"యాలమ్మా?"

"కొత్త మట్టి కదా, తట్టుకోలేదు" అన్నాను. ఆయన చెంబు కింద పెట్టేశారు.

రెండు నెలలకు, చుట్టచుట్టుకున్న లేతాకు ఒకటి పైకి వచ్చింది. ఆ పొద్దున మామగారు కుర్చీ మళ్లీ వరండాలో వేసుకుని నన్ను పిలిచారు.

"నువ్వు కోసి పారేసిన ఏళ్లు దిబ్బలో సూసినానమ్మా. దినామూ నీళ్లు పోసి దాన్ని చంపతాండింది నేనే. నీకు తెలిసీ నింద నీమీదే ఏసుకున్యావు."

ఇకమీదట బొగ్గులు తాను కొట్టిస్తానని, మట్టి కలపడం తనకూ నేర్పమని అడిగారు. అది మొదలు ఏటా ఎండాకాలం వరండాలో ఇద్దరం కూర్చుని కలిపేవాళ్లం. అప్పుడే ఆయన నోట అత్తగారి కబుర్లు వినేదాన్ని. ఆమెను నేను చూడకపోయినా ఎరిగినట్టే అయిపోయింది.

ఆ మొక్క పిలకలు పుంగనూరులో ఎన్ని ఇళ్లకు వెళ్లాయో. పిలక తీసుకున్నవాళ్లు ఊరుకునేవారు కాదు. పువ్వు పూస్తే చెప్పడానికి, ఆకు పండితే అడగడానికి వచ్చి, మొక్క మాటతో మొదలుపెట్టి ఇంటి మాటలన్నీ మాట్లాడి వెళ్లేవారు. ఇప్పుడు నేనుంటున్న మదనపల్లెలో ఏ ఇంటి మెట్లమీద చూసినా నేను పేర్లు కూడా ఎరుగని మొక్కలు కళకళలాడుతున్నాయి, సంతోషమే. వాడితే పారేసి ఇంకొకటి తెచ్చుకుంటున్నారు, అదీ తప్పనను. కాని ఫలానా ఇంట్లో మొక్కకు బాగాలేదట అని తెలిసి, చూసిపోదామని గడప తొక్కే మనిషి మాత్రం ఈమధ్య నాకు ఎక్కడా కనబడలేదు.