అమెరికా పాలు, రష్యా అట్ట

నా చిన్నప్పుడు అమెరికా మా బడి వెనక పొయ్యి మీద ఉడికేది, రష్యా నా తెలుగు వాచకానికి అట్టగా ఉండేది. ఆ రెండు దేశాలకూ పడదని, లోకంలో కొందరు ఒకరి వైపు, కొందరు ఇంకొకరి వైపు చేరుతున్నారని మాకెవరూ చెప్పలేదు. పుంగనూరు దగ్గర మా పల్లెలో వానలు లేని రోజులవి. అమ్మానాన్నలు కూలికి పోయేవారు. పొద్దున సంగటి ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. అమెరికా నుంచి వచ్చిన గోధుమరవ్వతో ఉప్మా, పాలపొడి కలిపిన పాలు మధ్యాహ్నం బడిలో పెట్టేవారు. నాకూ, ఇంటి దగ్గరున్న మా తమ్ముడికీ అదే తిండి. సగం తిని, సగం గిన్నెలో ఇంటికి తీసుకుపోయేదాన్ని.

ఆ పాలు కలిపేది మా పక్కింటి పెద్దమ్మ. పాలపొడిని నేరుగా వేడినీళ్లలో పోస్తే ఉండలు కడుతుంది. ఆమె ముందు చెంబెడు చల్లనీళ్లలో పొడి వేసి, చేత్తో మెదిపి, జారుగా చేసుకుని, అప్పుడు పొయ్యి మీద నీళ్లు కాగే అండాలో పోసేది. అమెరికా ఎక్కడుందని అడిగితే నవ్వేది.

"యాడుందో నాకేం తెలుసు పాపా. ఆవులు మాత్రం ఆడ శానా ఉండాయి" అనేది.

పెద్దమ్మ భర్త మదనపల్లెలో మగ్గం పని చేస్తూ, అక్కడ ఎర్రజెండా వాళ్లతో తిరిగేవాడు. వారానికోసారి ఊరికి వచ్చేటప్పుడు రష్యా నుంచి వచ్చే రంగుల పత్రికలు తెచ్చేవాడు. ఆ కాగితం నున్నగా, మందంగా ఉండేది, పాలు ఒలికినా తుడిస్తే పోయేది. పుస్తకాలకు అంతకంటే మంచి అట్ట లేదు. ట్రాక్టరు మీద కూర్చుని నవ్వుతున్న లావుపాటి ఆడమనిషి బొమ్మను పెద్దమ్మ నా వాచకానికి వేసిచ్చింది. ఆ మనిషిని చూస్తే నాకు కడుపు నిండినట్టుండేది.

బడి తిండి మీద పెత్తనం మా ఊరి పెద్దది. పాలపొడి మూటలు ఆయన ఇంట్లోనే ఉండేవి. ఒకరోజు ఆ తిండి ఎలా పెడుతున్నారో చూడటానికి ఆఫీసరు వస్తాడని కబురొచ్చింది. రష్యా కాగితాలు కంటపడితే మూటలు ఆగిపోతాయని ఎవరో ఊరి పెద్ద చెవిలో వేశారు. నిజమో అబద్ధమో దేవుడికెరుక. మేమంతా గిన్నెలు పట్టుకుని వరసలో ఉండగా ఆయన వచ్చి, నా చంకలోని పుస్తకం లాక్కుని చూశాడు.

"అమెరికా వోళ్ల పాలు తాగతా, రష్యా వోళ్ల బొమ్మ ఏసుకుంటావా? ఎవురిచ్చినారు ఇది?"

 చెప్పేదాకా దీనికి ఏమీ పెట్టొద్దని నన్ను పక్కన నిలబెట్టాడు.

వరస నన్ను దాటుకుంటూ పోయింది. అండా అడుగు కనిపించసాగింది. తమ్ముడు గడప మీద కూర్చుని దారి చూస్తుంటాడని నాకు తెలుసు. పెద్దమ్మ తలెత్తలేదు. పాపం, ఆమెకూ ఆ పనే ఆధారం. చివరికి నేను నోరైతే తెరవలేదు. చెయ్యి ఎత్తి ఆమె వైపు చూపించాను.

ఆయన అరవను కూడా లేదు. "రేపట్నించి నువ్వు రావద్దులేమ్మా" అన్నాడు, అంతే.

పెద్దమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుని నన్ను దగ్గరికి పిలిచింది. అండా వంచి, అడుగున మిగిలిన పాలన్నీ నా గిన్నెలో పోసింది.

"తాగు పాపా. మీ తమ్మునికి గూడా ఎత్తుకోని పో."

ఆమె మొహంలో కోపం కోసం వెతికాను. తిట్టి ఉంటే నాకెంత హాయిగా ఉండేదో.

మరుసటి రోజు పాలు ఉండలు కట్టాయి. ఆఫీసరు ఆ రోజూ రాలేదు, ఆ తర్వాతా రాలేదు. కొన్నాళ్లకు పెద్దమ్మ వాళ్లు కుప్పం పక్కకు రాళ్ల పనికి వెళ్లిపోయారు. ఆమెను మళ్లీ చూడలేదు. ఆంబోతుల పోట్లాటలో లేగల కాళ్లు విరిగినట్టయిందని మా నాన్న అన్నాడు. మాట సరే. కానీ ఆమె వైపు చెయ్యి చూపించింది ఏ ఆంబోతూ కాదు, నేను. ఊరి పెద్ద మీద నాకు ఇప్పటికీ కోపమే, నా మీద అంతకంటే ఎక్కువ.

పెద్దయ్యాక అంగన్‌వాడీలో చేరి, రిటైరయ్యేదాకా పిల్లలకు పిండి కలిపి పెట్టాను. ముందు చల్లనీళ్లు, తర్వాతే వేడినీళ్లు. మీ నాన్నది ఏ పార్టీ అని ఏ బిడ్డనూ అడగలేదు, అడగబోయిన వాళ్లను వాకిలి దాటనివ్వలేదు. ఇప్పుడు టీవీలో ఏ దేశం ఏ దేశంతో చేతులు కలిపిందో, ఎవరికి సరుకులు ఆపారో చెబుతుంటే, "అవ్వా, మనం ఎవురి పక్క?" అని మనవరాలు అడుగుతుంది.  దానికి ఆ గిన్నె సంగతి ఇంకా చెప్పలేదు.

ఆ రోజు తమ్ముడి సగం తమ్ముడికిచ్చి, నా సగం నేను తాగాను. ఒక్క చుక్క వదల్లేదు. బెల్లం కూడా వెయ్యని ఆ పాలు ఎంత తియ్యగా ఉన్నాయో నాకింకా గుర్తుంది.