కొరమీను పట్టిన మధ్యాహ్నం

నా చిన్నప్పుడు, పదేళ్ల వయసులో, మా నాన్న పత్తికి మందు కొట్టి వచ్చి మంచం పట్టాడు. మా ఊరు చీరాలకు కాస్త ఎగువన. ఒక వీధి నిండా మగ్గాలు, ఆ వీధి దాటితే పత్తి, మిరప చేలు. ఎదురుగాలిలో మందు కొట్టకూడదని అందరికీ తెలుసు, నాన్నకూ తెలుసు. పురుగు ఆగదని కొట్టాడు. పెద్దాసుపత్రి వాళ్లు ఇంటికి తీసుకుపొమ్మన్నాక, ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు మా అమ్మతో, "కొరమీను పులుసు పెట్టమ్మా, సత్తువ వచ్చిద్ది" అన్నాడు. ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి చెప్పి ఉంటాడు. నేను మాత్రం ఆ మాటను గట్టిగా పట్టుకున్నాను. కొరమీను తెస్తే నాన్న లేస్తాడు, తేకపోతే లేవడు. నాకు తెలిసిందల్లా అంతే.

నాన్న బాగున్న రోజుల్లో చేసిన గాలం ఇంట్లో ఉంది. స్టీలు చెంచాకు కాడ విరిచేసి, మిగిలిన ముక్కకు ముల్లు బిగించాడు. నీళ్లలో లాగుతుంటే అది గిరగిరా తిరుగుతూ మెరుస్తుంది, చేపపిల్ల అనుకుని కొరమీను ఎగబడుతుంది. నైలాన్ దారం డాల్డా డబ్బాకు చుట్టి ఉండేది. రెండు రోజులు బడి ఎగ్గొట్టి డ్రెయిను కాలవ గట్టున నిలబడి విసిరాను. ఆరేడు సార్లు విసిరేసరికి దారం మెలికలు పడి పిచ్చుక గూడు అయ్యేది. చెంచా నా కాళ్ల ముందే పడేది. ఏడుస్తూ చిక్కు తీసేదాన్ని, తీసిన చోటే మళ్లీ పడేది.

మూడో రోజు మధ్యాహ్నం పక్కింటి అక్క గట్టు మీదకు వచ్చింది. ఆమె పొద్దస్తమానం రాట్నం ముందు కూర్చుని మగ్గాలకు నూలు కండెలు చుట్టేది. పగటిపూట రాట్నం వదిలి ఇంత దూరం రావడం నేనెప్పుడూ చూడలేదు. చేపల పని ఈమెకేం తెలుసని నాకు చిరాకేసింది. ఆమె కాసేపు ఊరికే చూసి, "ఏమే, దారం ఎట్టా చుడతన్నావో చూపించు" అంది.

డబ్బాను తిప్పుతూ గబగబా చుట్టి చూపించాను.

"అదీ సంగతి. చుట్టేటప్పుడు డబ్బా తిప్పతన్నావు, విసిరేటప్పుడేమో దారం డబ్బా అంచు మీంచి జారిపోద్ది. ఒక్కో చుట్టుకీ ఒక్కో మెలిక పడిద్ది. డబ్బా కదపమాక, చేత్తో దారాన్నే దాని చుట్టూ తిప్పు."

చెంచా విప్పించి, ఒట్టి దారాన్ని పారే నీళ్లలోకి పొడుగ్గా వదలమంది. పాత మెలికలన్నీ నీళ్లలోనే తిరిగి తిరిగి విడిపోయాయి. గట్టున కట్టేసిన వాళ్ల మేక గొలుసులోంచి తిరుగుడు రింగు ఒకటి ఊడదీసి, చెంచాకూ దారానికీ మధ్య కట్టింది. ఇక చెంచా ఎంత తిరిగినా దారం తిరగలేదు. విసరడం కూడా ఆమే సరిదిద్దింది. మగ్గం మీద కండె పెట్టిన నాడెను అటూ ఇటూ విసిరేవాళ్లు భుజబలం చూపించరట, వదలాల్సిన చోట వదులుతారట. పక్కనుంచి ఊపి, చెయ్యి నీళ్లవైపు చాచినప్పుడు వదలాలి, చెంచా నీళ్లను తాకబోయే ముందు వేలితో దారాన్ని ఆపాలి. మా మనవడు కొనుక్కున్న రీలు గాలం దారానికి మెలికలు పడితే ఈనాటికీ నేనే బాగుచేస్తాను.

పొద్దు వాలుతుండగా గుర్రపుడెక్క అంచున పడిన చెంచాను కొరమీను అందుకుంది. మూరెడు చేప. రెండు చేతులతో పొదివి పట్టుకుని ఇంటికి పరిగెత్తబోతే అక్క నా జబ్బ పట్టుకుంది.

"ఒక్కటేం సరిపోద్దే? ఇంకోటి పట్టు."

ఆమె మొహం నావైపు లేదు, ఊరివైపు ఉంది. ఆశపోతుదాన్ని, మళ్లీ విసిరాను. ప్రతిసారీ చెంచా అనుకున్న చోటే పడింది. అంత సంతోషంగా నేను అంతకుముందు ఎన్నడూ లేను. ఆ మాట చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

కాసేపటికి మా చిన్నాన్న సైకిల్ మీద గట్టెక్కి వచ్చి, దూరం నుంచే అక్కకు తల ఊపాడు. ఆమె దారం చుట్టి డబ్బా నాకిచ్చింది. ఇంటికి వెళ్లేసరికి నాన్నను వాకిట్లో చాప మీద పడుకోబెట్టి ఉంచారు. నా చేతిలో చేప ఇంకా కొట్టుకుంటోంది. ఎవరో వచ్చి దాన్ని తీసుకున్నారు.

నాకు పెళ్లై పిల్లలు పుట్టాక గానీ అమ్మ అసలు సంగతి చెప్పలేదు. ఆ మధ్యాహ్నమే నాన్నకు ఎగశ్వాస మొదలైంది. చూస్తే దడుసుకుంటానని, నన్ను కాలవ దగ్గరే ఆపమని అక్కను పంపింది అమ్మే.

"నిన్ను రెండుసార్లు అడిగాడే," అంది. "పిలవమన్నాడు. నేనే పిలవలేదు."

ఆ మాట విన్న రోజు నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. పసిపిల్లను కాపాడదామనే ఇద్దరూ ఆ పని చేశారు, వాళ్ల మంచితనాన్ని నేను కాదనను. నా చేతికి పని చెప్పి, మనసుకు ఆశ చూపించి కూర్చోబెట్టిన అక్కకు ఆ పూట ఎంత కష్టమై ఉంటుందో ఇప్పుడు తెలుస్తోంది. కానీ దడుసుకున్న పిల్లలు నాలుగు రోజులకు తేరుకుంటారు. పోయే మనిషికి మళ్లీ అడిగే వీలుండదు.

కిందటి వేసవిలో మా ఆయన ఆఖరి రోజున, ఏడేళ్ల మనవరాలిని వేటపాలెంలో వాళ్ల అమ్మమ్మ ఇంటికి పంపేద్దామని మా కోడలు పిల్లకు చెప్పులు తొడుగుతోంది. నేను ఆ చెప్పులు విప్పించి, పిల్లను మంచం దగ్గరకు తీసుకెళ్లాను. తాత రొప్పడం చూసి భయపడింది, ఏడ్చింది, నా కొంగు పట్టుకుని వెనక్కి లాగింది. నేను కదలలేదు. ఆయన కళ్లు తెరిచి, "వచ్చావా?" అన్నారు.

"వచ్చాను తాతయ్యా" అంది పిల్ల, ఏడుస్తూనే.

మా నాన్నకు నేను చెప్పాల్సిన మాట అది.