మా ఆయన రెండుసార్లు సచ్చిన ఏడాది

ఆ రోజుల్ల నాకు సదువు లేదు, భయం లేదు. రెండూ లేనోళ్లకు నోరొక్కటే దిక్కు. మా ఆయన దసర ముంగట సద్దుల బతుకమ్మ నాడు పోయిండు. (ఇంకో పూట ఆగితే మలీదముద్దన్న తిని పోతుండె, దేనికీ ఆగిన మనిషి కాదు.) నెల మాసికం ఎల్లంగనే ఎల్లారెడ్డిల బస్సెక్కి, కామారెడ్డిల ఒక బట్టల దుకాణంల చీరల కౌంటరు కాడ కుదిరిన. ముండమోసింది పండుగ చీరలు అమ్ముడేందని మేనేజరు మొదటి దినం నుంచే మొకం ముడుసుకునేటోడు. నడుముకు తాళాలగుత్తి ఉండేది, అందుకే మేము తాళాల సారు అనేటోళ్లం.

ఏడాది తిరిగి పండుగ దగ్గరికొచ్చింది. కంప్యూటర్ల మా కౌంటరు అమ్మకాల గీత ఎర్రగై కిందికి పడ్డది. "పోయినేడు ఇదే తారీఖు దాంక అమ్మినదాంట్ల సగం లేదు. గిట్లయితే నువ్వు ఇంటికాడనే ఉండు" అన్నడు తాళాల సారు. నీ నష్టజాతకమే అని నోటితోని అనలే, మొకం అన్నది. రిపోర్టు సరిజూసేటందుకు హైదరాబాదు నుంచి కంప్యూటర్ సారొచ్చిండు. లెక్క సూత్రంల తారీఖుల జల్లెడ ఉంటదట, ఆ తారీఖుల నడుమ అమ్మకమే కిందికి రాలుతదట. తారీఖు, నెల తారుమారైనయా చూసిండు, ఆఖరి దినం జల్లెడల ఇరికిందా చూసిండు. అన్నీ మంచిగనే ఉన్నయి, గీత మాత్రం ఎర్రగనే ఉన్నది. (నేను ఎవరూ చూడకుంట తెరకు కుంకుమబొట్టు పెట్టిన. ఇంకింత ఎర్రగైంది.)

ఎట్లాగూ తీసేస్తరు, సెలవన్న అడుగుదామని తాళాల సారు కాడికి పోయిన. "సారు, సద్దుల నాడు మా ఆయన ఏడాది మాసికం."

"నువ్విచ్చిన సావు కాయితం మీద తారీఖు పోయిన వారమే దాటిపాయె. ఎన్నిసార్లు సస్తడే నీ మొగడు?"

"తారీఖు సచ్చింది సారు, మొగడింక సావలే. ఆయన సద్దుల నాడు పోయిండు, గీయేడు సద్దులింక రానేలే. ముందుగాల్నే పిండం పెడితే ఎవడొచ్చి తింటడు?"

కంప్యూటర్ సారు చేతులు ఆగినయి. "పోయినేడు ఈపాటికి దసర అయిపోయిందా?" అని అడిగిండు. "గది గూడ ఎర్క లేదా, జల్దినే వచ్చిపాయె గద" అన్నడు తాళాల సారు. పండుగైపోయిన ఏడుతోని పండుగ రాని ఏడును తూకమేసి నన్ను తిడుతున్నడని అప్పుడు ఆయనకే సమజైంది. కంప్యూటర్ సారు జల్లెడ మార్చి, రెండేండ్లకూ పండుగ కాడికెళ్లి ఎనుకకు లెక్క కట్టిచ్చిండు. గీత పచ్చగైంది.

"సద్దుల నాడు గిరాకి మస్తుంటది. ఒంటిపూట పోయి రా" అన్నడు తాళాల సారు, మొకం అటు తిప్పుకొని.

"చాలు సారు. బతికున్నప్పుడు గూడ అంతకంటె ఎక్కువ ఇంట్ల ఉండకపాయె."

ఇప్పుడు నా ఫోను ఏటా అదే తారీఖుకు ఆయన ఫొటో తెచ్చి ముందల పెడుతది. అప్పటికి సద్దులింక రాని ఏడైతే, "నీకింక దినాలున్నయి, బతుకు పో" అని ఆయనకు చెప్పి తెర బోర్లేస్త. (ఇది రాస్తున్న మా బిడ్డ నవ్వుతుంది, నవ్వనియ్యిండ్రి.) కంప్యూటరుకు బొట్టు పెట్టిన ఆ పొగరుబోతు పోరి యాదికొస్తే నాకు గూడ నవ్వొస్తది. దానికి అప్పుడు తెల్వది, ఆ ఏడు ఆయనను ఇంకొన్ని దినాలు బతికిచ్చుకున్నదని.