గౌషెంగ్ అంటే

కోడలు పట్టుచీరల పెట్టె తెరిస్తే కలరా ఉండల వాసన గుప్పుమంటుంది. స్వరాజ్యం వచ్చిన కొత్తల్లో, జగ్గయ్యపేటలో మా అరుగు మీద మూట విప్పే చైనా పట్టుబట్టలాయన గుర్తొస్తాడు.

నాకు ముందు పుట్టిన ఇద్దరూ పోయారని, నన్ను పెంటకుప్ప మీద పడుకోబెట్టి, చేటెడు తవుడిచ్చి కొనుక్కుని, పెంటమ్మ అని పేరు పెట్టారు. బడిలో నన్ను చూసి ముక్కులు మూసుకునేవాళ్ళు. ఒకరోజు ఏడుస్తూ ఇంటికొస్తే ఆయన దగ్గరికి పిలిచాడు.

"ఏడవమాకమ్మా. నా పేరు గౌషెంగ్. కుక్క తినకుండా వదిలేసినవాడని అర్థం. మా అన్నలు పోయారని, చావు అసహ్యపడి నన్ను ముట్టదని మా అమ్మ పెట్టింది. మా దేశంలో ఊరికి నలుగురుంటారు ఈ పేరుతో."

నా ఏడుపు ఆగిపోయింది. నాకంటే హీనమైన పేరు దొరికింది. మర్నాడు బడిలో అందరికీ చెప్పాను. సాయంత్రం పిల్లలంతా "కుక్కెంగిలీ! కుక్కెంగిలీ!" అంటూ ఆయన వెంటపడ్డారు. అందరికంటే గట్టిగా నేనే అరిచాను. ఆయన వెనక్కి తిరిగి నన్నొక్కదాన్నే చూశాడు. మూట భుజాన వేసుకుని నందిగామ రోడ్డు పట్టాడు. మళ్ళీ రాలేదు.

ఆ పూట నన్నెవరూ వెక్కిరించలేదు. ఇంటికొచ్చి మారు వడ్డించుకుని మరీ తిన్నాను.

ఎవరికైనా చెప్పేటప్పుడు, చిన్నతనం, తెలియక అరిచానంటాను. తెలిసే అరిచాను.