మైనం అద్దిన సీసం గుండ్లు

నేను తమ్ముడూ అని పిలిచే మా డ్రైవరు పోయాడని మొన్న అతని కూతురు ఫోను చేసి చెప్పింది. సెలవుకి జగిత్యాల వెళ్ళినవాడు, మధ్యాహ్నం భోంచేసి పడుకున్నవాడు మళ్ళీ లేవలేదట. పొయ్యి ఆపానో లేదో రెండుసార్లు చూసుకుని వచ్చి, అప్పుడు కూర్చుని ఏడ్చాను. కాసేపటికి అతని మాటలు గుర్తొచ్చి నవ్వూ వచ్చింది. ఏమీ అనుకోకండి, అతన్ని తలుచుకుంటే ఎవరికైనా అంతే.

ఇక్కడ గల్ఫులో, అల్ వుకైర్‌లో ఒకే ఇంట్లో పదకొండేళ్ళు పనిచేశాం. నాది వంట, అతనిది కారు. నేను అమలాపురం వైపుదాన్ని. పెద్దదాన్నని అక్కా అనేవాడు. ఇంటాయన్ని మేమంతా బాబా అంటాం. ఆయనకి వాళ్ళ నాన్నగారి పాత రైఫిలు ఒకటి ఉంది, లైసెన్సుతోటే. శుక్రవారం రేంజికి వెళ్ళి కాగితం మీద గురి చూసి కాల్చడం ఆయన సరదా. పెరట్లో సీసం కరిగించి గుండ్లు తనే అచ్చు పోసుకునేవారు. ఆ తరవాతి పని తమ్ముడిది. ఒక్కొక్క గుండునీ చిన్న మిషనులో నొక్కి, రంధ్రంలోంచి దూర్చి, అన్నీ ఒకే లావుకి తెచ్చేవాడు. దాని చుట్టూ ఉన్న గాడుల్లో తేనెమైనం, కొవ్వు కలిపిన ముద్ద అద్దేవాడు.

నేను తలుపు చాటునుంచి "పేలుతుందేమో తమ్ముడూ" అనేదాన్ని.

"ఉత్త సీసమక్కా. మందు లేంది ఎట్ల పేలుతది? నీ గారెలు పేలుతయేమో గని ఇది పేలదు."

ఒక్కసారి నూనెలో గారె పేలింది. ఆ మాట పదకొండేళ్ళూ పట్టుకున్నాడు.

ఇంత శ్రమ ఎందుకని అడిగితే, "లావుంటే గొట్టంల ఇరుకుతది, సన్నముంటే ఊగుతది. మైనం లేకుంటే సీసం గొట్టానికి అంటుకుంటది. ఇగ గురి యాడికో పోతది" అనేవాడు. పని అయ్యాక మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంటేగాని నా వంటింట్లో గ్లాసు ముట్టేవాడు కాదు.

నేను చేరిన మూడో నెల. మర్నాడు రేంజిలో పోటీ. పెరట్లో బల్ల మీద ట్రే నిండా గుండ్లు జిడ్డోడుతూ కనిపించాయి. జిడ్డు చూస్తే నేను ఊరుకోలేను. పైగా ఖాళీగా కూర్చున్నానని అనుకుంటారేమోనని భయం. అంట్లసబ్బు వేసి, పాత టూత్‌బ్రష్షుతో గాడులన్నీ తోమి, నా తువ్వాలు మీద ఆరబెట్టాను. వెండి పూసల్లా మెరిశాయి. తమ్ముణ్ణి పిలిచి మరీ చూపించాను.

నెత్తిన చేయి పెట్టుకున్నాడు. "తానం చేపిచ్చినవా అక్కా! బొట్టు గూడ పెట్టకపోయినవ్!"

అంతలో బాబా వచ్చారు. నాకు ముందున్న వంటమనిషిని మూడు నెలలకే తిప్పి పంపేశారని అప్పటికే విన్నాను. నా పనీ అయిపోయిందనుకుని చెంగు నోట్లో కుక్కుకున్నాను.

"ఎవరు కడిగింది?"

"నేనే బాబా. దుమ్ము పడ్డదని" అన్నాడు తమ్ముడు.

"ఇన్నేళ్ళు చేసి ఇదా? హుమార్!" అన్నారు బాబా. గాడిదా అని.

ఆయన లోపలికి వెళ్ళగానే తమ్ముడు నా వైపు తిరిగాడు. "యల్లా, రా అక్కా, గాడిదకు జర సాయం పట్టు."

పొద్దు వాలేదాకా ఇద్దరం కూర్చుని మళ్ళీ మైనం అద్దాం. "గాడి నిండాలె, బయటికి రావద్దు. కాటుక పెట్టినట్టు పెట్టు" అనేవాడు. నా చేతులు వణుకుతూనే ఉన్నాయి. ఒక్కసారీ విసుక్కోలేదు.

మర్నాడు బాబా గెలిచారు. గురిపెట్టిన కాగితం తమ్ముడు అడిగి తెచ్చి నాకిచ్చాడు. నాలుగు చిల్లులు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి, పెద్ద బొట్టుబిళ్ళతో మూసేయొచ్చు. ఐదోది ఎడంగా పోయింది.

"ఆ నాలుగు నేను పెట్టినయి. గా ఒక్కటి నీది. వణుక్కుంట పెట్టినవ్, వణుక్కుంటనే పోయింది."

అతను పోయాక నాకు నిద్ర పట్టలేదు. ఏమైతే అయిందని నిన్న బాబాకి నిజం చెప్పేశాను. ఆయన టీ కప్పు కింద పెట్టి, "ఆ రోజే తెలుసు. తువ్వాలు నీదే కదా. అతను అంత ముచ్చటగా అబద్ధమాడుతుంటే కాదనడం ఎందుకని ఊరుకున్నాను" అన్నారు. కళ్ళు తుడుచుకున్నారు, నవ్వారు కూడా.

ఆ కాగితం వంటింటి కిటికీ అద్దానికే అంటించి ఉంది. పొద్దున ఎండ పడితే గట్టు మీద నాలుగు చిల్లులూ కలిసి ఒకటే వెలుగుచుక్క, ఎడంగా ఇంకోటి. ఇవాళ పిండి కలుపుతుంటే ఆ రెండోది వచ్చి నా వేలి మీద కూర్చుంది. చెయ్యి కదపకుండా చూస్తూ ఉండిపోయాను. వణకలేదు.