సాయిబుగారి కొంగ

నేను కాపురానికి వచ్చిన కొత్తలో, పంతొమ్మిది వందల ముప్ఫైల నాటి మాట, కలిదిండి అవతల కొల్లేటి గట్టునున్న మా అత్తవారింటికి ఏలూరు నుంచి పడవ మీద ఒక సాయిబుగారు వచ్చారు. వయసు మళ్లిన మనిషి. చేతిలో తాళం వేసిన రేకుపెట్టె. నీళ్లలో పెరిగే జమ్ముగడ్డిలో తిరిగే చిన్న కొంగల్ని చూడాలని, కొద్దిరోజులు పాకలో ఉండనిస్తే చాలని, వంట తానే చేసుకుంటానని మా మామగారిని అడిగారు.

మామగారు సరేనన్నారు గాని నమ్మలేదు. నీరు తీసిన కొల్లేటి నేలలో మావాళ్లు పట్టా లేకుండానే వరి వేసుకునేవారు. కొంగల పేరు చెప్పి పొలాలు చూసిపోవడానికి సర్కారు పంపిన మనిషని ఆయన అనుమానం. పెట్టెలో సర్వే గొలుసు ఉంటుందన్నారు. తుపాకీ అని అత్తగారు. ఓ కన్నేసి ఉంచమని నాకు చెప్పారు.

మర్నాడు పొద్దున్నే పెరటి గట్టు మీద నుంచి చూశాను. సాయిబుగారు మోకాలి లోతు నీళ్లలో, మెడ నిక్కించి, గడ్డం ఆకాశానికెత్తి కదలకుండా నిలబడి ఉన్నారు. కాసేపటికి మెల్లగా ఒక పక్కకి ఊగారు. అవతల ఎవరికో సైగ చేస్తున్నారనుకున్నాను. పరుగున వెళ్లి చెప్పాను.

మామగారు ఆయన్ని పిలిపించి పెట్టె తెరవమన్నారు. ఆయన నొచ్చుకోకుండా తాళం తీశారు. కర్పూరం వాసన గుప్పుమంది. దూది మధ్య మూరెడైనా లేని కొంగ. ఎండిన చర్మం, ఊడిన రెక్క, కళ్లున్నచోట గుంటలు.

"ఇది మన దేశపుది కాదండీ. సముద్రాల అవతల ఏదో దీవిలోదట. ఇప్పుడక్కడ ఒక్కటీ మిగల్లేదటండీ," అన్నారు.

చచ్చిన పక్షుల చర్మాల్లో పీచు కూరి, ప్రాణమున్నట్టు నిలబెట్టడం ఆయన పని. ఎవరో కాలేజీవాళ్లు దీన్ని బాగుచెయ్యమని ఇచ్చారట. బతికుండగా ఎలా నిలబడేదో చెప్పేవాళ్లు లేరు. దాని వరస కొంగలు మన జమ్ములో ఉన్నాయని విని, వాటిలాగే నిలబడి ఆ తీరు తన ఒంటికి అలవాటు చేసుకుంటున్నారట.

"గాలికి జమ్ము ఊగితే అదీ ఊగుతుందండీ. అందుకే కనపడదు."

మామగారు చాలాసేపు ఆ పక్షిని చూశారు. తర్వాత తానే దోనె తీసి ఆయన్ని లోపలి జమ్ములోకి తీసుకెళ్లారు. తిరిగొచ్చాక అత్తగారు అడిగితే, కొంగ కళ్లముందే ఉన్నా కనిపించలేదని, పసుపుపచ్చ కన్నొకటి తమవైపు తిరిగాకే పోల్చుకున్నామని చెప్పారు.

సాయిబుగారు వెళ్లేరోజు అత్తగారు బియ్యం మూట కట్టిచ్చారు. పడవ కనుమరుగయ్యాక మామగారు నన్ను పిలిచారు.

"పొలాల సంగతేమైనా అడిగాడా అమ్మా?"

లేదన్నాను.

"అడగలేదంటేనే నాకు అదోలా ఉంది," అన్నారాయన.

కోతలయ్యేదాకా ఏలూరు వైపు నుంచి ఏ పడవ వచ్చినా గట్టు దాకా వెళ్లి చూసొచ్చేవారు. సర్కారు మనిషెవరూ రాలేదు.